సంగీతకారుల ఇంటర్వ్యూలతో రోజువారీ ఇంగ్లీషు: వింటే అర్థమవుతుంది, నోటికి మాత్రం రాదు. ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: తెలుగు మీడియం చదువు, అమీర్‌పేట హాస్టల్లో మకాం, గచ్చిబౌలిలో బ్యాక్ ఆఫీసు ఉద్యోగం. పాటలంటే ఇష్టం కాబట్టి ఆరు నెలలుగా విదేశీ గాయకుల ఇంటర్వ్యూలు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తున్నారు. నోటుబుక్కులో నాలుగు వందల మాటలు పోగయ్యాయి. మీటింగులో ఒక్కటీ నోటికి రావడం లేదు. ఇదంతా దండగేనా, కోచింగులో చేరడం మేలా?

దండగ కాదు. సరుకు మంచిదే, వాడుతున్న తీరులోనే తేడా ఉంది. మీరు నమూనాగా ఇచ్చిన మాటలు చూడండి: మెలాంకలీ, ప్రాలిఫిక్, రివర్బ్, అకోస్టిక్, విజనరీ. వీటిలో సగం సంగీత విమర్శకుల మాటలు, సగం స్టూడియో మాటలు. మీ మీటింగులో వీటి అవసరమే రాదు. అదే ఇంటర్వ్యూల్లో నిమిషానికోసారి వినబడే 'ఎండెడ్ అప్', 'షోడ్ అప్', 'ఫిగర్డ్ ఇట్ అవుట్', 'డిడ్ నాట్ వర్క్ అవుట్' మీ పట్టికలో లేవు. ఎండ్ తెలుసు, అప్ తెలుసు, ఇక రాసుకోవడానికేముందని వదిలేసి ఉంటారు. అక్కడే దెబ్బ తగిలింది.

న్యూ జనరల్ సర్వీస్ లిస్ట్ అనే పదపట్టికలో మాట్లాడే ఇంగ్లీషు కోసమే వేరుగా ఒక జాబితా ఉంది. అందులో ఉన్నవి 721 మాటలు. మామూలు సంభాషణలో దాదాపు 90 శాతం వాటితోనే నడుస్తుంది. ఒకసారి చదివి చూస్తే మీకు తెలియనివి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగేన్ని కూడా ఉండవు. గెట్, పుట్, కమ్, గో, టేక్, అప్, అవుట్, ఆఫ్ వంటివే అన్నీ. అంటే మీకు కొరవడింది మాటలు కాదు, వాటి జతలు. ఇకమీదట ఇంటర్వ్యూ వినేది జతల కోసం.

సంగీతకారుల ఇంటర్వ్యూలు దీనికి ఎందుకు బాగా పనికొస్తాయంటే, అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే. ఎక్కడ పెరిగారు, ఇంట్లో ఎవరికి సంగీతం వచ్చు, మొదటి గిటార్ ఎవరు కొనిచ్చారు, చదువు ఎందుకు మానేశారు, బ్యాండులో మిగతావాళ్ళు ఎలా కలిశారు, డబ్బు లేని రోజులు ఎలా గడిచాయి, ఎందుకు విడిపోయారు. ఇల్లు, బడి, డబ్బు, స్నేహం, గొడవ, ప్రయాణం. ప్రశ్నలు మారవు కాబట్టి జవాబుల్లో జతలు కూడా మళ్ళీ మళ్ళీ అవే వస్తాయి. సినిమా వాళ్ళ ప్రచార ఇంటర్వ్యూల్లో పొగడ్తలే ఎక్కువ, అందరూ అద్భుతం అంటారు, అక్కడితో అయిపోతుంది. పాటల సాహిత్యం ఇంకా అక్కరకు రాదు. బాణీ కోసం మాటల వరుస మారుతుంది, నొక్కి పలికే చోటు మారుతుంది. పాట విని ఉచ్చారణ నేర్చుకుంటే ఆఫీసులో వింతగా వినిపిస్తుంది.

అందువల్ల మొదటి మార్పు: పదిమంది గాయకులవి ఒక్కొక్క ఇంటర్వ్యూ కాకుండా, ఒక్కరివి నాలుగైదు ఇంటర్వ్యూలు వినండి. భాషా శాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ 'నారో లిజనింగ్' అన్నది దీన్నే. రెండో ఇంటర్వ్యూకి వచ్చేసరికి కథ మీకు ముందే తెలిసి ఉంటుంది, బుర్రంతా మాట తీరు మీద పెట్టవచ్చు. మూడోదానికి ఆ మనిషి గొంతు, యాస చెవికి అలవాటైపోతాయి.

ఎవరితో మొదలుపెట్టాలన్నది అభిమానాన్ని బట్టి తేల్చకండి. ఏ.ఆర్. రెహమాన్ ఇంగ్లీషు ఇంటర్వ్యూలు మొదటి వారానికి బాగుంటాయి. ఆగి ఆగి, చిన్న వాక్యాల్లో మాట్లాడతారు. అయితే జతలు తక్కువ, అక్కడే ఉండిపోవద్దు. 2024 డిసెంబరులో కన్నుమూసిన తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్ ఇంటర్వ్యూలు ఇంకా మంచివి. ఆయన దశాబ్దాలపాటు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఉన్నారు, కథ చెప్పడంలో దిట్ట, తండ్రి అల్లా రఖా గురించి, చిన్ననాటి సాధన గురించి ఎన్నో చోట్ల చెప్పారు. ఒకే కథను వేర్వేరు మాటల్లో వినవచ్చు. తర్వాత సితార్ వాయించే అనౌష్క శంకర్, గాయని నోరా జోన్స్‌లను పక్కపక్కన పెట్టుకోండి. ఇద్దరూ సితార్ విద్వాంసుడు రవిశంకర్ కూతుళ్ళే. ఒకరిది లండన్ వైపు మాట, ఇంకొకరు అమెరికాలో టెక్సస్‌లో పెరిగినవారు. కుటుంబం గురించి ఇద్దరినీ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే, యాసలు రెండు. మీ క్లయింట్లు అమెరికా వాళ్ళయితే నోరా జోన్స్ మీద ఎక్కువ సమయం పెట్టండి.

ఆ పైన కార్యక్రమాల సంగతి. బీబీసీ రేడియోలో 1942 నుంచి వస్తున్న 'డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్' పాడ్‌కాస్టుగా దొరుకుతుంది. ఒంటరి దీవికి వెళ్తే వెంట తీసుకెళ్ళే ఎనిమిది పాటలు, ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు చెప్పాలి, మధ్యలో జీవిత కథ. పద్ధతి మారదు కాబట్టి తర్వాత ఏం అడుగుతారో ముందే ఊహించవచ్చు. అతిథులందరూ సంగీతకారులు కారు, వెతికి ఎంచుకోవాలి. అమెరికా వైపు ఎన్‌పీఆర్ రేడియో వారి 'ఫ్రెష్ ఎయిర్' మంచిది. అందులో ఇంటర్వ్యూ చేసే టెర్రీ గ్రాస్ ప్రశ్నలు స్పష్టంగా ఉంటాయి, ట్రాన్‌స్క్రిప్టులు వాళ్ళ వెబ్‌సైటులో ఉచితం. ఈ ట్రాన్‌స్క్రిప్టు ఉండటమే అసలు లాభం, కారణం కింద చెబుతాను. 2014లో మొదలైన 'సాంగ్ ఎక్స్‌ప్లోడర్' పాడ్‌కాస్టు బాగుంటుంది గానీ రెండో దశకు ఉంచుకోండి. అందులో అడిగేవాడి ప్రశ్నలు తీసేస్తారు, సంగీతకారుడొక్కడే మాట్లాడతాడు, కింద వాయిద్యాలు మోగుతుంటాయి, స్టూడియో మాటలు ఎక్కువ.

దూరం పెట్టాల్సినవి: అమెరికా లేట్ నైట్ షోలు. ఐదారు నిమిషాల్లో అయిపోతాయి, సగం నవ్వులు, సగం అక్కడివాళ్ళకే తెలిసిన జోకులు. అవార్డు ఫంక్షన్ల రెడ్ కార్పెట్ ముక్కలు కూడా అంతే. ఒయాసిస్ బ్యాండు గాలఘర్ సోదరుల మాంచెస్టర్ యాస, ఓజీ ఆస్‌బోర్న్ బర్మింగ్‌హామ్ యాస, అడెల్ లండన్ మాట ఇప్పట్లో వద్దు. వాళ్ళ పాటలు వినండి, మాటలు తర్వాత. పత్రికల్లో అచ్చయిన ఇంటర్వ్యూలు కూడా ఈ పనికి రావు. అచ్చులోకి వెళ్ళేటప్పుడు తడబాట్లు, సగంలో ఆగిన వాక్యాలు అన్నీ దిద్దేస్తారు, అవే మనకు కావాల్సినవి.

ఇక పని. గంట ఇంటర్వ్యూ మొత్తం పెట్టుకోవద్దు. రెండు నిమిషాల ముక్క చాలు. నిమిషానికి సుమారు 150 మాటలు అనుకున్నా మూడు వందల మాటలు అవుతాయి, వారానికి అంతే. ఎంచుకునే ముక్కలో ఒక ప్రశ్న, దానికి పూర్తి జవాబు ఉండాలి. రోజుకు అరగంట, ఐదు రోజులు.

మొదటి రోజు క్యాప్షన్స్ ఆపేయండి. తెర మీద అక్షరాలు ఉన్నంతసేపూ కళ్ళు చదువుతుంటాయి, చెవికి పని ఉండదు. ఆరు నెలలు చూసినా మాట రాకపోవడానికి సగం కారణం అదే. రెండుసార్లు ఆపకుండా విని, అర్థమైనంత తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి. మూడోసారి, అందని చోట ఆపి వెనక్కి జరపండి. యూట్యూబులో కంప్యూటర్ మీద 'జె' నొక్కితే పది సెకన్లు వెనక్కి వెళ్తుంది, ఫోనులో ఎడమవైపు రెండుసార్లు తడితే అదే పని జరుగుతుంది. మూడుసార్లు విన్నా అందకపోతే సమయం రాసుకుని ముందుకు పోండి.

రెండో రోజు ట్రాన్‌స్క్రిప్టు తెరవండి. నిన్న అందని ప్రతి చోటునూ మూడు రకాలుగా విడదీయాలి. ఈ పద్ధతిలో ముఖ్యమైన మెట్టు ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. ఒకటి, మాటలన్నీ తెలిసినవే గానీ చెవికి పట్టలేదు. రెండు, చెవికి పట్టింది గానీ ఆ జత అర్థం కాలేదు. మూడు, మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, వాయిద్యాల భాగాలు. మూడో రకం కొట్టేయండి. మొదటిది నోటి సాధనకు వెళ్ళాలి, రెండోది ముందూ వెనకా రాసి గుర్తుపెట్టుకునే కార్డుల్లోకి. మీరు ఇన్నాళ్ళూ మూడింటినీ ఒకే నోటుబుక్కులో పోశారు.

యూట్యూబు ట్రాన్‌స్క్రిప్టును వాడేటప్పుడు అది మనుషులు రాసిందా, యంత్రం తయారుచేసిందా అన్నది సెట్టింగుల్లో చూడండి. 'ఆటో జెనరేటెడ్' అని ఉంటే, వెనక సంగీతం మోగిన చోట, ఇద్దరూ ఒకేసారి మాట్లాడిన చోట, పేర్ల దగ్గర తప్పులుంటాయి. వాక్యం అర్థం లేకుండా కనబడితే తప్పు మీది కాదు, దానిదే. ఫ్రెష్ ఎయిర్ లాంటివి ముందు చెప్పింది ఇందుకే.

మొదటి రకం చిక్కు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మనం 'వాడు ఎక్కడ' అని రాసినా 'వాడెక్కడ' అంటాం. ఇంగ్లీషు వాళ్ళు కూడా ఇలాగే సంధి చేస్తారు, రాతలో మాత్రం చూపించరు. 'పిక్ ఇట్ అప్' నోట్లో 'పికిటప్' అవుతుంది, అమెరికన్ నోట్లో 'పికిడప్'. 'గాట్ అ' అన్నది 'గాడ', 'షుడ్ హావ్' అన్నది 'షుడవ్', 'కైండ్ ఆఫ్' అన్నది 'కైండ', 'యూస్డ్ టు' అన్నది 'యూస్ట'. 'డ్రాప్డ్ అవుట్' అన్నది 'డ్రాప్టౌట్'. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది, అందుకే మనం బస్సు, రోడ్డు అని ఉకారం చేరుస్తాం. అదే అలవాటుతో మాటకూ మాటకూ మధ్య గోడ ఉంటుందని చెవి ఎదురుచూస్తుంది. గోడ లేకపోయేసరికి తెలిసిన మాట కూడా కొత్తదిలా తోస్తుంది. విరుగుడు వినడం ఒక్కటే కాదు, అలా పలకడం. మీ నోరు 'పికిడప్' అన్నాక చెవి దాన్ని వదలదు.

అందుకని మూడో రోజు నోటి సాధన. ఇరవై ముప్ఫై సెకన్ల ముక్క తీసుకుని, మాట్లాడేవారి వెనకాలే అర సెకను తేడాతో అనండి. మొదట ట్రాన్‌స్క్రిప్టు చూస్తూ, తర్వాత చూడకుండా. కష్టమైతే వేగం 0.75కి తగ్గించవచ్చు. 0.5 వద్దు, ధ్వని సాగిపోయి సంధులు చెడిపోతాయి. హాస్టల్ గదిలో సిగ్గనిపిస్తే మేడ మీదికి పోండి. మెట్రోలో ఈ పని కుదరదు. రాయదుర్గం రైల్లో మొదటి రోజు పని, ఐదో రోజు వినే భాగం పెట్టుకోండి, అదీ రెండు చెవులకూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని.

కార్డులకు, వాటిని కొన్ని రోజుల తేడాతో మళ్ళీ మళ్ళీ చూపించే అంకీ యాప్ సరిపోతుంది. ఆండ్రాయిడ్‌లో ఉచితం. అందులో రోజుకు 20 కొత్త కార్డులు అని ముందే ఉంటుంది, దాన్ని 5కి తగ్గించండి. 20 ఉంచితే రెండు మూడు వారాల్లో పాత కార్డులు వందల్లో పేరుకుని, యాప్ తెరవాలంటేనే భయం పుడుతుంది. చాలామంది మానేసేది అక్కడే. కార్డు ముందువైపు తెలుగు మాట రాయకూడదు, తెలుగు సందర్భం రాయాలి. 'చివరకు చేరు' అని రాస్తే ఏ పనికీ రాదు. 'రెండు బస్సులు వదిలేశాను, చివరికి ఆటోలో రావాల్సి వచ్చింది' అని రాయండి. వెనకవైపు 'ఐ ఎండెడ్ అప్ టేకింగ్ ఎన్ ఆటో', కింద ఇంటర్వ్యూ పేరు, సమయం. ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను గానీ మీ కార్డులో ఇంగ్లీషు స్పెల్లింగే ఉండాలి. 'ఎండెడ్ అప్ టు టేక్' అనడం మనవాళ్ళలో మామూలు తప్పు. పూర్తి వాక్యం రాసుకుంటే ఆ తప్పు దానంతటదే రాదు.

కార్డుకు ఎక్కించే ముందు ఒక జల్లెడ పెట్టండి: కనీసం రెండు వేర్వేరు ఇంటర్వ్యూల్లో వినబడిన జతకే చోటు. ఒక్కసారే వినబడింది పక్క కాగితం మీద ఉండనివ్వండి. వారానికి పాతిక పోగైతే పది పన్నెండు నిలుస్తాయి. అవి చాలు.

నిలిచేవి దాదాపు ఇలా ఉంటాయి. 'పిక్ అప్' అంటే ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండా వచ్చేయడం. గిటార్‌కు ఎంతో ఎక్సెల్‌కూ అంతే. 'గెట్ ఇంటూ' అంటే ఒక రంగంలోకి రావడం, దాని మీద ఇష్టం పట్టడం. 'కమ్ అప్ విత్' బాణీకి వాడతారు, మీరు ఐడియాకు వాడవచ్చు. 'షో అప్' ఎదురుచూస్తున్నప్పుడు రావడం లేదా రాకపోవడం. 'ఫాల్ అవుట్' అంటే మాటలు లేకుండా పోయేంత గొడవ. 'టర్న్ డౌన్' శబ్దానికైతే తగ్గించడం, అవకాశానికైతే కాదనడం, కాబట్టి రెండు కార్డులు. 'పుట్ అవుట్' ఆల్బమ్‌కు విడుదల, మంటకు ఆర్పడం. మీ ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌కు 'రిలీజ్' అనే అనండి.

సంగీతం నుంచి పుట్టిన జాతీయాలంటూ యూట్యూబు పాఠాల్లో ఊదరగొట్టే 'ఫేస్ ద మ్యూజిక్', 'సెకండ్ ఫిడిల్' వంటివి సంగీతకారుల నోట చాలా అరుదు. వాటి వెంట పడకండి. 'గిగ్' మాత్రం నేర్చుకోండి. ఒక పూట కచేరీ అన్న అర్థం నుంచి విడి విడి పనులు చేసేవారి దాకా వచ్చింది, తిండి డెలివరీ కుర్రాళ్ళను గిగ్ వర్కర్లు అనడం అందుకే.

అర్థం తేలకపోతే తెలుగు అనువాద యాప్ కన్నా, ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం రాసిన లెర్నర్స్ డిక్షనరీలు నయం. లాంగ్‌మన్ నిఘంటువు సుమారు రెండు వేల తేలిక మాటలతోనే అర్థాలు చెబుతుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి కూడా ఉచితమే. పక్కన 'ఇన్‌ఫార్మల్', 'స్లాంగ్', 'అఫెన్సివ్' అన్న గుర్తుందేమో తప్పకుండా చూడండి. గాయకులు బూతులు ధారాళంగా వాడతారు, 'ఎయింట్' అంటారు, 'డూడ్' అంటారు, ఎవరేమన్నారో చెప్పడానికి 'ఐ వజ్ లైక్' అంటారు. చివరిది స్నేహితుల మధ్య సరే. మేనేజరు ముందు ఒక్కటీ వద్దు.

వ్యాకరణంలో రెండు చోట్ల ఈ ఇంటర్వ్యూలు మనకు ప్రత్యేకంగా మేలు చేస్తాయి. ఒకటి, 'వెళ్ళేవాళ్ళం', 'పాడేవాడిని' వంటి మన రూపాలు. వాటిని చాలామంది 'వి వర్ గోయింగ్' అని చెప్పేస్తారు. సంగీతకారుడు చిన్ననాటి గురించి చెప్పేటప్పుడు 'వి యూస్డ్ టు గో' అని మొదలుపెట్టి, తర్వాత వాక్యాల్లో 'మై డాడ్ వుడ్ ప్లే', 'వి వుడ్ సిట్' అని సాగిస్తాడు. ఒక్క ముక్కలోనే నాలుగైదుసార్లు దొరుకుతుంది. రెండు, 'పదేళ్ళ నుంచి వాయిస్తున్నాను'. ఆ 'నుంచి' పట్టుకుని మనం 'ఐ యామ్ ప్లేయింగ్ ఫ్రమ్ టెన్ ఇయర్స్' అంటాం. వాళ్ళు 'ఐ హావ్ బీన్ ప్లేయింగ్ ఫర్ టెన్ ఇయర్స్' అంటారు, వయసు చెబితే 'సిన్స్ ఐ వజ్ సిక్స్' అంటారు. గడిచిన కాలానికి ఫర్, మొదలైన చోటుకు సిన్స్.

నాలుగో రోజే అసలు పరీక్ష. అదే ప్రశ్న మిమ్మల్ని అడిగారనుకుని ఒకటిన్నర నిమిషం ఫోనులో రికార్డు చేయండి. ఆ వారం జతల్లో మూడు తప్పక రావాలి. ముందే రాసుకుని చదవకూడదు, కాగితం మీద జతలు మాత్రమే ఉండాలి. ఉదాహరణకు: 'ఐ గ్రూ అప్ ఇన్ సిద్దిపేట. మై డాడ్ యూస్డ్ టు రన్ ఎ స్మాల్ షాప్. ఐ గాట్ ఇంటూ కంప్యూటర్స్ ఇన్ కాలేజ్. ఐ ట్రైడ్ సేల్స్ ఫస్ట్, బట్ ఇట్ డిడ్ నాట్ వర్క్ అవుట్, సో ఐ ఎండెడ్ అప్ ఇన్ హైదరాబాద్.' చూశారుగా, ఇది హెచ్.ఆర్. రౌండులో 'మీ గురించి చెప్పండి' అన్న ప్రశ్నకు జవాబే. 'మైసెల్ఫ్ ఫలానా' అని మొదలుపెట్టే బట్టీ జవాబు కన్నా ఎంతో సహజంగా ఉంటుంది. ఉద్యోగం ఎందుకు మానేశారంటే బ్యాండు విడిపోయిన కథలోని మాటలు, కష్టమైన ప్రాజెక్టు గురించి అడిగితే ఆల్బమ్ ఆలస్యమైన కథలోని మాటలు పనికొస్తాయి.

ఐదో రోజు ముక్కను మళ్ళీ క్యాప్షన్స్ లేకుండా విని, మీ జవాబు రెండోసారి రికార్డు చేయండి. మొదటి రికార్డింగుతో పోల్చి, ఎక్కడ ఆగారో చూడండి. మాట వెతుక్కుంటూ ఆగితే ఆ జత కార్డులోకి వెళ్ళాలి. ఏం చెప్పాలో తెలియక ఆగితే అది ఇంగ్లీషు సమస్య కాదు, దానికి కంగారు వద్దు. 'లెట్ మీ థింక్' అని ఒక్క క్షణం తీసుకోవడం వాళ్ళ దగ్గరే నేర్చుకోవచ్చు. 'యాక్చువల్లీ', 'బేసికల్లీ' అని ప్రతి వాక్యం మొదలుపెట్టే మన అలవాటు కన్నా అది మర్యాదగా ఉంటుంది.

కోచింగు సంగతి. పై పని చేస్తూ వెళ్తే పదజాలానికి కోచింగు అక్కర్లేదు. ఎదుటి మనిషితో మాట్లాడే అవకాశం కోసం అయితే చేరవచ్చు. చేరేముందు రెండే అడగండి: బ్యాచిలో ఎంతమంది, గంట క్లాసులో ఒక్కొక్కరు ఎన్ని నిమిషాలు మాట్లాడతారు. నలభై మంది ఉండి బోర్డు మీద టెన్సులు రాసే చోటైతే మీ వంతుకు ఒకటిన్నర నిమిషం కూడా రాదు, అది మీ ఫోనే వారానికి రెండుసార్లు ఇస్తుంది. దోమలగూడ రామకృష్ణ మఠంలోని భాషా సంస్థలో ఇంగ్లీషు తరగతులుంటాయి, అక్కడ కూడా ఇవే అడగండి. లేదా హాస్టల్లో ఇంకొకరిని పట్టుకుని, ఆ వారం ముక్కలోని ప్రశ్నలు ఒకరినొకరు అడగండి. అడిగేవారు కాగితం చూడవచ్చు, చెప్పేవారు చూడకూడదు.